ఎవరిదా దగ్గు?

వెంకటేశ్వరమ్మ పొద్దున్నే ముఖం కడుక్కుని చేసే మొదటి పని నీళ్ళను చిక్కబరచడం. గ్లాసుడు మంచినీళ్ళలో గుంటూరు నుంచి తెచ్చిన తెల్లపొడి వేసి, ఉండ కట్టకుండా గిరగిరా తిప్పుతుంది. కాసేపటికి ఆ నీళ్ళు గంజిలా తయారవుతాయి. చెంచాతో ఎత్తి వంపితే చుక్కలుగా పడకూడదు, తీగలా జారాలి. అట్లా జారే నీళ్ళే ఆమె మొగుడు చెంచురామయ్యకు పట్టాలి. ఆ తర్వాత ఇడ్లీ పని. చిదిమి, పాలు పోసి, మిక్సీలో తిప్పి, ఒక్క పలుకు కూడా లేకుండా జల్లెడలో వడగట్టాలి.

"ఇడ్లీని వడగట్టుకు తినే రాత పగవాడికి కూడా రాకూడదే" అని గోడవతల ఉండే సిద్దికాతో రోజూ అంటుంది. అనడమే గానీ ఆ పని ఇంకొకరి చేతికివ్వదు. సిద్దికా జాకెట్లు కుట్టుకునే మనిషి. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసినప్పుడల్లా "ఇటివ్వక్కా, కాసేపు నేను తిప్పుతా" అంటూ వస్తుంది. వెంకటేశ్వరమ్మ గ్లాసును వీపు వెనక్కి పెట్టుకుంటుంది. తన మొగుడికి తానే చెయ్యాలి, తానే పెట్టాలి. అందులో ఎవరికీ వాటా లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన చొక్కా వానకు తడుస్తుంటే పక్కింటావిడ పుణ్యానికి తీసి లోపల పెట్టిందని వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ప్రత్తిపాడులో అందరికీ తెలిసిన సంగతే ఇది. వెంకటేశ్వరమ్మ కుళ్ళు వెంకటేశ్వరమ్మది, ఎవరూ పట్టించుకోరు.

చెంచురామయ్యకు పక్షవాతం వచ్చింది పత్తి తీతల రోజుల్లో. కాలూ చెయ్యీ కొంతవరకు స్వాధీనంలోకి వచ్చాయి. పోయింది గొంతు. అదేమన్నా మామూలు గొంతా! మిరపచేలో ఒక గట్టున నిలబడి కేకేస్తే అవతలి గట్టున కూలీలు ఉలిక్కిపడేవాళ్ళు. ఇప్పుడు నోరు తెరిస్తే ఉత్త గాలి. గొంతుతోపాటు మింగుడూ పోయింది. గుంటూరు కొత్తపేట ఆస్పత్రిలో ఆరాధన అనే అమ్మాయి ఈ సంగతంతా బొమ్మ గీసి మరీ చెప్పింది. ఆరాధన స్పీచ్ థెరపిస్టు. మాట పోయినవాళ్ళకు మాట, మింగుడు పోయినవాళ్ళకు మింగుడు మళ్ళీ నేర్పుతుంది.

"మనం మింగేటప్పుడు ఊపిరి గొట్టం మీద తలుపులాంటిది మూసుకుంటుందమ్మా. మీ ఆయనకు అది ఆలస్యంగా మూసుకుంటోంది. నీళ్ళు పలుచన, ఆగవు. తలుపు పడేలోపలే ఊపిరితిత్తుల్లోకి దూరతాయి. దూరితే న్యుమోనియా. అందుకని చిక్కగా చేసి ఇవ్వండి. నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న చెంచా. గడ్డం గుండెకు ఆనించి మింగమనండి, ఒక్కో ముద్దకు రెండుసార్లు. పలుచటి నీళ్ళు మాత్రం చుక్క కూడా వద్దు."

వెంకటేశ్వరమ్మ అన్నీ తు.చ. తప్పకుండా చేస్తుంది. చేసినా పొలమారుతుంది.

పొలమారితే ఎవరో తలచుకున్నట్టే కదా. ఆ తలచుకున్నది ఎవరో కనుక్కోవడం పెద్ద విద్యేమీ కాదు, దగ్గు వింటే చాలు. గుంటూరు, ప్రకాశం వైపు ఎవరికి పొలమారినా తలచుకున్నవాళ్ళ గొంతుతోనే దగ్గు వస్తుంది. కనిగిరిలో కాపురం ఉంటున్న కూతురు శ్రీరమ్య తలచుకుంటే చెంచురామయ్య అంత మీసాలు పెట్టుకుని సన్నగా ఆడపిల్ల దగ్గు దగ్గేవాడు. "అమ్మాయి తలచుకుందయ్యా, ఫోన్ చెయ్యి" అనేది వెంకటేశ్వరమ్మ. ట్రాక్టరు తోలే పీరు తలచుకుంటే బీడీ దగ్గు వచ్చేది. పెళ్ళి భోజనాల్లోనైతే పిలవనివాళ్ళ దగ్గులన్నీ బంతిలో వినిపిస్తాయి, పెళ్ళివారు తలలు దించుకుని వడ్డిస్తారు.

ఇప్పుడొస్తున్న దగ్గు మాత్రం వెంకటేశ్వరమ్మ ఎరగనిది. ఆడదాని దగ్గు. కూతురిది కాదు, ఆడపడుచుది కాదు, చుట్టాల్లో ఎవరిదీ కాదు. ఖణేలుమని మొదలై, చివర్న "హుఁ" అని విసుక్కున్నట్టు ఆగుతుంది. కాస్త కీచుగొంతు. వయసు మళ్ళినదే గానీ గట్టిపిండం. తిండి తింటున్న మనిషిని వదిలిపెట్టకుండా, మూడు పూటలా అదే పనిగా తలచుకుంటున్న మనిషి.

ఎవరది? ఎవత్తె అది?

వెంకటేశ్వరమ్మకు అన్నం సహించలేదు. ఇన్నేళ్ళూ తన కళ్ళ ముందు తిరిగిన మనిషి. చేను, ఇల్లు, మిర్చి యార్డు తప్ప ఇంకోటి తెలియదనుకుంది. ఇట్లా పూటపూటకూ తలచుకునే ఆడది ఒకతి ఎక్కడో ఉందంటే ఊరికే ఉంటుందా? మంచం పట్టిన మొగుడి మీద జాలి ఉంది, చచ్చేంత ప్రేమా ఉంది. వాటన్నిటి మీదా అసూయ కూర్చుంది. ఎవరినైనా అడుగుదామంటే, నా మొగుడికి ఎవరి దగ్గు వస్తోందో చెప్పండి అని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అందుకని తలుపులు బిగించుకుని పెట్టడం మొదలెట్టింది. చెంచా నోట్లో పెట్టి, ఆయన మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చునేది. దగ్గు రాగానే చెవి ఒగ్గేది.

"ఏందక్కా, దగ్గు ఇంకా తగ్గలేదా నీకు? మిరియాల కషాయం కాచి ఇవ్వనా?" అని గోడవతల నుంచి సిద్దికా.

"నాకేం దగ్గూ లేదు, గిగ్గూ లేదు. నీ కుట్టు నువ్వు కుట్టుకో."

ఆలోచించి ఆలోచించి ఆవిడ బుర్రలో ఒక పేరు తేలింది. పర్చూరు బసవమ్మ. చెంచురామయ్యకు మొదట మాట్లాడిన సంబంధం అది. జాతకాలు కుదరక తప్పిపోయింది. పొగాకు రైతుల ఇంటి ఆడపడుచు, తనకు వరసకు వదినవుతుంది. ఎప్పుడో ఒక పెళ్ళిలో చెంచురామయ్య "బసవమ్మ చేతి గోంగూర తినాలిరా" అని ఎవరితోనో అనగా వెంకటేశ్వరమ్మ విన్నది. విని, ఆ ఏడాదంతా ఇంట్లో గోంగూర వండలేదు.

"పర్చూరులో పనుంది, పొద్దుగూకేలోపు వస్తా" అని సిద్దికాకు గ్లాసు, గిన్నె, చెంచా అప్పగించింది. అప్పగించేటప్పుడు చెయ్యి రాలేదు పాపం. గిన్నె అంచు కాసేపు వదల్లేదు. కొత్త మిరపకాయలు ఒక సంచి నింపుకుని బస్సెక్కింది.

బసవమ్మ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. చెంచురామయ్య సంగతి అడిగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ కళ్ళనీళ్ళు చూసి వెంకటేశ్వరమ్మకు అనుమానం రెట్టింపయింది. కానీ అనుమానం వేరు, దగ్గు వినడం వేరు. పొలమారిన దగ్గులో ఎవరి గొంతైనా వస్తుంది గానీ, ఘాటు దగ్గు మాత్రం ఎవరిది వాళ్ళదే.

"కొత్తకాయ తెచ్చా వదినా. నువ్వు కూర్చో. ఇవాళ పచ్చడి నేను నూరతా" అని వంటింట్లో దూరింది. కిటికీ మూసింది. పొయ్యి మీద మూకుడు పెట్టి, చుక్క నూనె లేకుండా, పట్టెడు మిరపకాయలు వేసి పెద్ద మంట పెట్టింది.

ఇక చూస్కోండి. ముందు వంటిల్లు దగ్గింది, తర్వాత వసారా దగ్గింది, ఆఖరికి వీధిలో సైకిలు మీద పోయేవాడు దిగి దగ్గాడు. బసవమ్మ కొంగు ముక్కుకు అదుముకుని వంటింట్లోకి వచ్చింది. దగ్గింది. బొంగురుగా, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు దగ్గింది. చివర్న "హుఁ" లేదు, ఏమీ లేదు.

"నీకేం పోయేకాలమే! కిటికీ తియ్యి! ఇంటిల్లిపాదినీ చంపుతావా ఏంది?"

"నువ్వు కాదు వదినా" అంది వెంకటేశ్వరమ్మ, తనూ విడవకుండా దగ్గుతూనే. "నువ్వు కాదులే."

"ఏంది నేను కానిది?"

వెంకటేశ్వరమ్మ పచ్చడి నూరిపెట్టి బస్సెక్కింది. బసవమ్మ అయ్యుంటేనే బాగుండేది అనిపించింది. తెలిసిన శత్రువు, తిట్టుకోవడానికి ఒక మొహం ఉండేది. ఇప్పుడు బస్సులో ఎక్కే ప్రతి ఆడదాన్నీ ఎగాదిగా చూడాల్సి వస్తోంది.

ఇంటికొస్తే సిద్దికా సంబరంగా ఎదురొచ్చింది. "గిన్నె మొత్తం తిన్నాడక్కా! నీళ్ళు కూడా గ్లాసుడూ తాగాడు. ఒక్కసారి పొలమారితే ఒట్టు."

సంతోషించాల్సిన మాటే. వెంకటేశ్వరమ్మకు మాత్రం కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ఆరాధన దగ్గర కూడా ఇదే వరస. "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అని ఆ అమ్మాయి తలుపేసుకుంటుంది. లోపల ఆయన బుద్ధిగా కప్పు ఖాళీ చేస్తాడు. ఈవిడ బయట ఫ్రిజ్ మీద కూల్‌డ్రింకుల రేట్లు చదువుకుంటూ, కాలక్షేపానికి పక్కవాళ్ళ రోగాలు అడుగుతూ కూర్చుంటుంది. తను లోపలికెళ్ళి పక్కన నిలబడిందా, మొదటి చెంచాకే పొలమారుతుంది. చిన్నపిల్ల చేతిలో తింటాడు, కుట్టుపని చేసుకునేదాని చేతిలో తింటాడు. తాళి కట్టించుకున్నదాని చేతిలో మాత్రం ఇంకెవత్తెనో దగ్గుతాడు!

"ఇటివ్వు గిన్నె" అని సిద్దికా చేతిలోంచి లాక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ తప్పు పని చేసింది. తప్పని తెలిసే చేసింది. తలుపు గడియ పెట్టి, క్యాన్లోంచి గ్లాసుడు మంచినీళ్ళు పట్టింది. పొడి కలపలేదు. చెంచురామయ్య ఆ గ్లాసు వైపు చూశాడు. నెలల తరబడి గంజి నీళ్ళతో దప్పిక తీరని మనిషి. ఆయన కళ్ళు మెరిశాయి. నిజమేనా అన్నట్టు పెళ్ళాం మొహంలోకి చూశాడు.

"తాగు. తాగయ్యా" అంది.

తాగాడు. రెండో గుక్కకే ఖణేలుమంది. అదే దగ్గు, అదే కీచుగొంతు, చివర్న అదే విసుగు. వెంకటేశ్వరమ్మ ఆయన గుండె మీద చెవి పెట్టి అరిచింది, "ఎవరే నువ్వు? ఏ ఊరే నీది? చెప్పవే!" దగ్గు సరిగ్గా వినపడలేదని ఇంకో గుక్క పట్టింది. ఇంకోటి. ఆయన మొహం ఎర్రబడి, తర్వాత నల్లబడింది. అప్పుడు గానీ ఆవిడ గ్లాసు వదల్లేదు. గ్లాసు కింద పడ్డాక భయంతో వీపు రాసింది, గాలి విసిరింది, దేవుళ్ళందరికీ మొక్కింది.

సాయంత్రానికి జ్వరం. తెల్లారేసరికి ఆయాసం. ఆటోలో గుంటూరు తీసుకెళ్ళారు.

ముక్కులో గొట్టం వేసి, అందులోంచి పాలు పోస్తున్నారు. జ్వరం తగ్గుముఖం పట్టాక ఆరాధన వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడూ నవ్వే పిల్ల, ఈసారి నవ్వలేదు.

"అమ్మా, రేపు ఇంకోసారి చూస్తాను. ఆయన మింగగలిగితే ఈ గొట్టం తీసేస్తాం. పొలమారితే మాత్రం పొట్టకు చిల్లు పెట్టి పైపు వెయ్యాలంటున్నారు పెద్ద డాక్టరుగారు. ఇంకోసారి న్యుమోనియా వస్తే ఆయన తట్టుకోలేరు. పైపు పడితే నోటితో తినడం ఇక ఎప్పటికో, నేను చెప్పలేను." స్టూలు దగ్గరకు జరుపుకుని అడిగింది. "పలుచటి నీళ్ళిచ్చారా?"

"ఇచ్చాను."

"ఎందుకమ్మా?"

"మరి నాకు తెలియొద్దా అది ఎవరో? పూటపూటకూ నా మొగుణ్ణి తలచుకు చంపుతోంది. తలచుకోవడానికి దానికేం హక్కుంది? ఆ దగ్గు ఇంకోసారి వింటే గుర్తుపడదామని ఇచ్చా." తలెత్తే చెప్పింది.

ఆరాధనకు ఇందులో వింతేమీ కనపడలేదు. ఆమె దగ్గరకు వచ్చే రోగుల్లో సగం మంది ఎవరెవరివో దగ్గులు మోసుకొస్తారు. "నా ఫోన్లో ఉండాలి, వినిపిస్తా ఉండండి" అంది. వారం వారం రోగుల మాటనూ దగ్గునూ రికార్డు చేసిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. మెరుగు తెలియాలంటే పాతది ఉండాలి కదా. వెతికి, నొక్కింది. ఖణేలుమని మొదలై "హుఁ" అని ఆగింది.

"అదే! అదేనమ్మా! ఎవరిదా దగ్గు?"

ఆరాధన ఆవిడ మొహంలోకి చూసింది, వేళాకోళమేమోనని. వేళాకోళం కాదు. అప్పుడు ఫోన్ ముందుకు చాపి "ఒకసారి మీరు దగ్గండి" అంది.

"నేనెందుకు?"

"దగ్గండమ్మా."

వెంకటేశ్వరమ్మ దగ్గింది. ఆరాధన మొదట పాతది, వెంటనే కొత్తది వినిపించింది.

"రెండూ దానివే" అంది వెంకటేశ్వరమ్మ పళ్ళు కొరుకుతూ. "నీ ఫోన్లోకి కూడా దూరిందా ముండ!"

"రెండోది ఇప్పుడు మీరు దగ్గిందమ్మా."

ఇంకోసారి పెట్టమంది. పెట్టింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి విన్నాక ఆవిడ చెయ్యి గొంతు మీదకు పోయింది.

"నా గొంతు ఇంత కీచుగా ఉంటుందా?"

"అందరూ ఇదే అంటారు. మన గొంతు మనకు లోపల్నుంచి, ఎముకల్లోంచి వినపడుతుంది. బయటివాళ్ళకు వినపడేది వేరు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో తన గొంతు తను మొదటిసారే గుర్తుపట్టిన మనిషి ఇంతవరకూ లేరు."

"ఎదురుగా కూర్చున్న మనిషిని తలచుకోవడం ఏందమ్మా? ఎదురుగా ఉంటే చూస్తాం గానీ తలచుకుంటామా?"

అంటూనే వెంకటేశ్వరమ్మ మంచం వైపు తిరిగింది. ముక్కులో గొట్టంతో, చిక్కిన దవడలతో, కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి. ఈయన నోట్లోకి చెంచా పోతున్న ప్రతిసారీ తనేం చూస్తోంది? మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ కరకరా నమిలి, కంచం ఎత్తి తాగి, త్రేన్చి, "ఒసేయ్, ఇంకాస్త పొయ్యి" అని ఇల్లదిరేలా కేకేసే ఆయన్ని. ఎదురుగా ఉన్నాయనకు పెడుతూ వెనకటాయన్ని తలచుకుంటోంది. మూడు పూటలా, రెప్ప వెయ్యకుండా.

"అయితే నేనా ఈయన గొంతు పిసుకుతోంది" అని, మంచం కోడు పట్టుకుని కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఏడ్చి ముక్కు చీదుకుని లేచింది. "తలచుకోను. పోనీ. అదెంత పని?"

అదెంత పనో మర్నాడు తెలిసింది. ఆరాధన ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం దించి, మొదటి చెంచా పెట్టింది. వెంకటేశ్వరమ్మ బయట బెంచీ మీద కూర్చుంది. ఆయన్ని తలచుకోకూడదు అనుకుంది. తలచుకోకూడదు, తలచుకోకూడదు. లోపల్నుంచి ఖణేలుమని తన దగ్గే వినిపించింది.

ఆరాధన తలుపు సందులోంచి తల బయటపెట్టింది. "అమ్మా!"

"తలచుకోవటంలా! తలచుకోకూడదనుకుంటున్నా!"

"అది కూడా తలచుకోవడమే. ఇంకేదైనా చూడండి. ఇంకొక్కసారి పొలమారితే నేను ఆపేసి రాసెయ్యాలి, నా చేతిలో ఏమీ ఉండదు."

తలుపు పడింది. వెంకటేశ్వరమ్మ గోడలు చూసింది, ఫ్యాను చూసింది. ఫ్యాను చూస్తే ఇంట్లో ఫ్యాను గుర్తొస్తోంది, ఫ్యాను కింద మంచం, మంచం మీద... ఠక్కున పక్కకు తిరిగింది. పక్కన ఎవరో ఆవిడ ఒళ్ళో మిరపకాయల కవరు పెట్టుకుని కూర్చునుంది.

"ఏ కాయమ్మా?" అంది, ఏదో ఒకటి అనాలని.

"తేజ అంట. పచ్చడికని ఇప్పుడే కొన్నా."

వెంకటేశ్వరమ్మ ఒక కాయ తీసి వెలుతురుకు పట్టి చూసింది. "తేజా? ఎవడమ్మా నీకు అంటగట్టింది? తేజ సన్నంగా సూదిలా ఉంటుంది. ఈ ముడతలు చూడు. ఇది బ్యాడిగ. రంగే గానీ కారం ఉండదు."

"మా చుట్టాల కొట్లోనే కొన్నాను. వాళ్ళు మోసం చెయ్యరు."

"అయితే కొరుకు! కొరికి చూడు నా ఎదుట!"

"నేనెందుకు కొరకాలి? నీకంత తెలిస్తే నువ్వు కొరుకు!"

వెంకటేశ్వరమ్మ కొరికింది. నమిలింది. "ఇది కారమా? పసిపిల్లకు ఉగ్గులో కలిపి పెట్టొచ్చు!" అవతలావిడ లేచి నిలబడింది. ఈవిడా లేచింది. తొడిమల దగ్గర మొదలైన మాట విత్తనాలకు పోయి, విత్తనాల్లోంచి వాళ్ళ చుట్టాల నిజాయితీకి పాకింది. వార్డులో నర్సులు వచ్చి "ఇది ఆస్పత్రి, యార్డు కాదు" అని మొత్తుకున్నా ఇద్దరూ వినలేదు. ఎంతసేపటికో వెంకటేశ్వరమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగి చూస్తే, ఎదురుగా ఆరాధన నిలబడి ఉంది. చేతిలో కప్పు బోర్లించి చూపించింది. ఖాళీ.

"మొత్తం తిన్నారమ్మా. ఒక్క దగ్గు లేదు. గొట్టం తీసెయ్యమని చెప్తాను."

వెంకటేశ్వరమ్మ దణ్ణం పెట్టింది, ఆరాధనకూ, మిరపకాయలావిడకూ కలిపి. గుండె నిండిపోయింది. ఆ నిండిన గుండెలోనే ఓ మూల మంట లేచింది. తను మర్చిపోతేనే ఆయన బతుకుతాడు. తను తలచుకుంటే చస్తాడు. ఇదెక్కడి కాపురం?

ఇంటికొచ్చాక సిద్దికాను పిలిచి సంగతి చెప్పింది. సిద్దికా తెల్లబోయింది. "ఆ దగ్గు నీదే కదక్కా! నేను మొదట్నుంచీ కషాయం తాగమని చెప్తూనే ఉన్నాగా!"

"చెప్పావులే. ఇకనుంచి మూడు పూటలా నువ్వే పెట్టాలి" అంది వెంకటేశ్వరమ్మ. ఆ మాట అనడానికి ఆవిడ ఎంత కష్టపడిందో సిద్దికాకు తెలుసు. అందుకే వేళాకోళం చెయ్యలేదు.

చిక్కటి నీళ్ళు కలపడం, ఇడ్లీ వడగట్టడం వెంకటేశ్వరమ్మే చేస్తుంది. కలిపి, గిన్నె గోడ మీద పెట్టి, వెనక్కి చూడకుండా ఊరవతల మిరప కల్లానికి పోతుంది. ఆడకూలీలతో కలిసి రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతుంది. ఎవరు మంచి కాయను తాలులో పడేసినా గొడవ పెట్టుకుంటుంది. ఆ గొడవల్లో ఇల్లు గుర్తు రాదు. తిరిగొచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంటుంది. అది చూస్తే ఆవిడకు ఒళ్ళు మండుతుంది, ప్రాణం లేచొస్తుంది, రెండూ ఒకేసారి.

"ఎట్లా తిన్నాడు?"

"బాగా తిన్నాడక్కా."

"నీ మొహంలోకి చూశాడా?"

"చెంచా వంక చూశాడు."

"చూస్తే చెప్పు."

"చెప్తానక్కా."

చెంచురామయ్య బుగ్గలు పూడాయి. ఆరాధన ఇప్పుడు మాట మీద పడింది. గోడను రెండు చేతులా నెడుతూ "ఆఁ" అనిపిస్తోంది. గాలే వస్తోంది గానీ, గాలిలో కాస్త గరగర కలుస్తోందట. మెత్తటి అన్నం దాకా వచ్చాడు. వెంకటేశ్వరమ్మ మాత్రం ఆయన తినడం కళ్ళారా చూసి ఎన్నాళ్ళో అయింది.

మిరప కోతలు అయిపోవచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కల్లంలో ఆడవాళ్ళంతా రేకుల నీడన చేరి క్యారేజీలు విప్పారు. ఇంటి దగ్గర సిద్దికా గిన్నె తీసే వేళ కూడా అదే. వెంకటేశ్వరమ్మ పక్కనున్న లక్ష్మీదుర్గతో పప్పులో చింతపండు ఎక్కువైందని వాదిస్తూ ముద్ద నోట్లో పెట్టుకుంది. ముద్ద గొంతు దాటకముందే పొలమారింది.

వచ్చిన దగ్గు మగ దగ్గు.

నిండుగా, గట్టు మీంచి గట్టుకు వినపడేలా వచ్చింది. రేకుల మీద కాకులు లేచిపోయాయి. పక్షవాతం పట్టుకుపోయిన గొంతు అది. ఏ మూలా బీట పడకుండా, వెనకటి లాగే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో వెంకటేశ్వరమ్మకు తల్లి గొంతుతో పొలమారింది, కూతురి గొంతుతో పొలమారింది, ఆ పచ్చడి రోజు తర్వాత ఆఖరికి బసవమ్మ బొంగురు గొంతుతో కూడా పొలమారింది. చెంచురామయ్య గొంతుతో ఒక్కనాడూ పొలమారలేదు. పూటకు పూటా ఎదురుగా కూర్చుని వడ్డించే పెళ్ళాన్ని ఏ మొగుడు తలచుకుంటాడు? ఇవాళ అక్కడ, సిద్దికా చేతిలో ముద్ద మింగుతూ, ఆయన ఎదుట లేని మనిషిని వెతుక్కున్నాడు.

"మీ ఆయనే పిన్నీ" అంది లక్ష్మీదుర్గ, మంచినీళ్ళ సీసా ఒక చేత్తో అందిస్తూ. పొలమారినవాళ్ళకు మాడు మీద తడితే తగ్గిపోతుంది కదా, రెండో చెయ్యి ఎత్తింది.

వెంకటేశ్వరమ్మ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఊపిరి అందడం లేదు, దగ్గు ఆగడం లేదు.

"తట్టమాక" అంది. "తట్టమాకే, పోద్ది!"

అని, కల్లంలో అంతమంది ఆడవాళ్ళ వైపు అనుమానంగా ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ దగ్గు ఇంకెవరి చెవినా పడకుండా.